ఏ రోడ్డు ముందు బాగుచేయాలి? పట్టణాల్లో ఈ వరుస ఎవరు, ఎలా తేలుస్తారు?

వీధిమలుపు

పురపాలక సంఘాలు ఏటా వేసే రోడ్డు పనుల జాబితాలు చదువుతుంటే ఒక సంగతి మింగుడుపడటం లేదు. తారు లేచిపోయి కంకర తేలిన వీధి జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. ఒక్కోసారి అసలు ఉండనే ఉండదు. కంటికి నున్నగా కనబడే పెద్ద రోడ్డుకు మాత్రం మళ్లీ పైపూత రాసి ఉంటుంది. అడిగితే "సాంకేతిక ప్రాధాన్యం" అంటారు.

ఆ మాట వెనక నిజంగా ఏదైనా లెక్క ఉందా, లేక పలుకుబడి ఉన్నవాళ్ల వీధికి తగిలించిన మర్యాదైన పేరా? అభ్యంతరాలు రాసివ్వడానికి గడువు ఇస్తారు. ఏం అడగాలో తెలియనప్పుడు ఆ గడువు ఉండి ఏం లాభం? ఈ పనుల్లో ఉన్నవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. నాలుగు తిట్లు రాసి ఊరుకోవాలని లేదు, జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు అడగాలని ఉంది.

కంకర_తారు

వీధిమలుపు గారూ, లెక్క ఉంది. పలుకుబడీ ఉంటుంది. రెండోదాన్ని పట్టుకోవాలంటే మొదటిది తెలియాలి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. నా ఉద్యోగమంతా రోడ్ల నిర్వహణలోనే గడిచింది.

తారు రోడ్డు ఏటా ఒకే మోతాదులో పాడవదు. వేసిన కొన్నేళ్లు దాదాపు అలాగే ఉంటుంది. ఎండకూ గాలికీ తారు పెళుసెక్కి సన్నటి పగుళ్లు వస్తాయి. అప్పటికి దెబ్బ పైపొరకే. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి కింది కంకర పొరనూ మట్టినీ నానబెట్టాక వ్యవహారం మారిపోతుంది. నానిన పునాది మీద లారీ చక్రం వెళ్లిన ప్రతిసారీ పైపొర వంగి లేస్తుంది. సన్నమట్టి బురదై పగుళ్లలోంచి పైకి చిమ్ముతుంది, లోపల డొల్లవుతుంది. పైన గళ్లుగళ్లుగా పగులుతుంది. ఆ గళ్లలో ఒక ముక్క ఊడిందంటే అదే గుంత. కాబట్టి గుంత కనబడిన రోజుకు జబ్బు చాలా పాతది.

మా చదువుల్లో చూపించే గీత ఒకటుంది. ఆయుష్షులో 75 శాతం గడిచేసరికి రోడ్డు నాణ్యత 40 శాతం తగ్గుతుంది. ఆ తర్వాత 12 శాతం కాలంలోనే ఇంకో 40 శాతం పడిపోతుంది. ఈ అంకెలు ప్రతి రోడ్డుకూ అచ్చంగా సరిపోవు. మట్టి, వాన, లారీల బరువు బట్టి మారతాయి. గీత ఆకారం మాత్రం ఎక్కడైనా అదే: చాలాకాలం మెల్లగా దిగి, ఒక దశ దాటాక జారిపోతుంది.

ఆ జారుడుకు ముందే పగుళ్లు పూడ్చి సీల్ కోటో, మైక్రో సర్ఫేసింగో (రెండూ పల్చటి పైపూతలే) వేస్తే పైపొరతో పోతుంది. ఆలస్యమైతే పునాది దాకా తవ్వాలి, ఖర్చు ఎన్నో రెట్లు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటారు చూడండి, అదే. నున్నగా కనబడే రోడ్డు జాబితాలో పైన ఉండటానికి కారణం ఇది. పూర్తిగా చెడిన వీధి ఇంకో ఏడాది ఆగినా దాని ఖర్చు పెద్దగా పెరగదు, ఎలాగూ పునాది నుంచి కట్టాల్సిందే. అంచున ఉన్న రోడ్డు ఏడాది ఆగితే అదీ చెడినవాటిలో చేరుతుంది. "ఎక్కువ చెడినదే ముందు" అన్న సూత్రం పట్టుకున్న పట్టణం ఏటా డబ్బంతా కొద్ది వీధుల పునర్నిర్మాణానికే పోసి, మిగతావాటిని ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటుంది.

గల్లీచివర

కంకర_తారు గారూ, మీ లెక్క తప్పనను. దాన్ని గుంతల వీధిలో ఉండేవాళ్లకు చెబితే ఎలా వినబడుతుందో ఒక్కసారి ఆలోచించండి. "మీ రోడ్డు ఎలాగూ పోయింది, ఇంక పోవడానికేమీ లేదు, కాబట్టి ఆగండి." మరుసటి ఏడాదీ అదే జవాబు. ఆ మరుసటి ఏడాదీ అదే, ఎందుకంటే అంచున ఉన్న రోడ్డు ఎప్పుడూ ఏదో ఒకటి ఉండి తీరుతుంది. మీ పద్ధతిలో ఆ వీధి వంతు వచ్చే రోజు ఏది?

ఆ వీధి అసలు ఎందుకు చెడింది? పగుళ్లు వచ్చిన రోజు ఎవరూ పూడ్చలేదు కనుక. నిర్లక్ష్యం చేసింది సంఘం, దాని ఫలితం మోసేది జనం. అంబులెన్సు నత్తనడక నడుస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఇల్లు దాటలేరు. పెద్దవాళ్లు చీకటిపడ్డాక బయటికి రారు. ఈ నష్టాన్ని ఏ పట్టికలో రాస్తారు? రోడ్డు ఆయుష్షు చూపించే గీతలో మనిషికి చోటెక్కడుంది?

వీధిమలుపు

నేను అడగాలనుకున్నది ఇదే, గల్లీచివర గారు నాకంటే బాగా అడిగారు. ఈ రెంటికీ పొత్తు కుదిరే దారి ఉందా?

లెక్కలచిట్టా

ఉంది. దానికి ముందు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. ఖాతాల విభాగంలో పనిచేసే దాన్ని, నాకు తెలిసిన కోణం ఇది.

రోడ్డు డబ్బు ఒకే సంచిలోంచి రాదు. గుంతలు పూడ్చడం, కాలువల్లో పూడిక తీయడం లాంటివి రెవెన్యూ పద్దు కిందికి వస్తాయి. కొత్త రోడ్డు, పునర్నిర్మాణం పెట్టుబడి పద్దు. పై ప్రభుత్వాల నుంచి వచ్చే గ్రాంట్లు చాలావరకు కొత్త ఆస్తి కట్టడానికే ఇస్తారు, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి కాదు. అప్పు తెచ్చినా ఇంతే. రెవెన్యూ పద్దులో జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలిన దానితో మరమ్మతులు నడవాలి. రాబడి తగ్గిన ఏడాది మొదట కోత పడేది అక్కడే. పగుళ్లు పూడ్చే పని ఆ ఏడాది ఆపినా ఎవరికీ కనబడదు, నాలుగైదేళ్ల తర్వాత కనబడుతుంది. అప్పటికి ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆ కుర్చీలో ఉండరు.

ఇంకో చిక్కు. ఒక కొత్త రోడ్డు మంజూరు చేసిన రోజే దాని నిర్వహణ ఖర్చుకు కూడా సంఘం మాటిచ్చినట్టు. మంజూరు కాగితంలో ఆ ఖర్చు రాసి ఉండటం చాలా అరుదు. కొత్త కాలనీలకు రోడ్లు వేసుకుంటూ పోయిన పట్టణం, కొన్నేళ్లకు అవన్నీ ఒకేసారి పాతబడేసరికి గుక్కతిప్పుకోలేదు. ఒకే కాలంలో వేసినవి ఒకే కాలంలో చెడతాయి కదా.

బాగా నడిచే చోట అయిదేళ్ల పనుల ప్రణాళిక ఉంటుంది. మొదటి ఏడాదిది బడ్జెట్టు, మిగతా నాలుగేళ్లది ఉద్దేశం. ఏటా ఒక ఏడాది ముందుకు జరుపుతారు. వీధిమలుపు గారూ, మీకు పనికొచ్చే మాట ఇది: పాత ప్రణాళికలు కూడా తెప్పించి కొత్తదాని పక్కన పెట్టండి. ఒక వీధి పేరు ఏటా "మూడో సంవత్సరం" గడిలోనే ఉండిపోతుంటే ఆ వీధికి డబ్బు పెట్టే ఉద్దేశం లేదనే అర్థం. ఒక్క ఏడాది జాబితా చూస్తే ఇది దొరకదు.

కంకర_తారు

లెక్కలచిట్టా గారు చెప్పిన చివరి మాట బంగారం. నేను లోపల ఉండి కూడా అలాంటి వీధుల్ని చూశాను.

మార్కులు ఎలా వేస్తారో చెప్పి తర్వాత గల్లీచివర గారి ప్రశ్నకు వస్తాను. రోడ్డు స్థితికి ఎక్కువగా వాడేది పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్, పీసీఐ. అమెరికా సైన్యపు ఇంజినీర్లు 1970ల్లో తయారుచేసిన పద్ధతి. కొత్త రోడ్డుకు 100, పూర్తిగా పోయినదానికి 0. రోడ్డును ముక్కలుగా విడగొట్టి కొన్ని ముక్కల మీద నడుస్తూ పగుళ్లు, గుంతలు, చక్రాల దారిలో పడిన గాడులు, పాత అతుకులు ఒక్కొక్కటీ ఎంత తీవ్రం, ఎంత మేర అని కొలుస్తారు. ఆ మేరకు 100 లోంచి మార్కులు తీసేస్తారు. వాహనం కుదుపును కొలిచే ఇంకో సూచిక ఇంటర్నేషనల్ రఫ్‌నెస్ ఇండెక్స్, ఐఆర్ఐ. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగాల్లోంచి పుట్టింది. అది వేగంగా వెళ్లే రహదారులకు బాగా పనికొస్తుంది. మలుపులూ మ్యాన్‌హోళ్లూ ఉన్న వీధుల్లో నాకు దానిమీద అంత గురి లేదు, నడిచి చూసినవాడి కొలతే మేలు.

తర్వాత చూసేది బరువు. బండ్ల సంఖ్య కాదు, ఇరుసు మీద పడే బరువు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం ఒటావా దగ్గర ఆరు వలయాలుగా రోడ్లు కట్టి, లారీలను పగలూ రాత్రీ తిప్పారు. ఒక వలయం మీద రోజువారీ లారీలు తిప్పలేదు, వాతావరణం ఒక్కటే ఎంత చెడగొడుతుందో తెలియాలని. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందన్న వాడుక సూత్రం ఆ పరీక్షలోంచే వచ్చింది. అంటే బరువు రెండింతలైతే నష్టం పదహారింతలు. పల్చటి పునాది మీద వేసిన చిన్న వీధిని పాడుచేసేది అక్కడి కార్లూ స్కూటర్లూ కావు. రోజూ వచ్చే చెత్త లారీ, ఇల్లు కట్టేవాళ్ల ఇసుక లారీ, పెద్ద రోడ్డు పని జరుగుతున్నప్పుడు లోపలికి మళ్లించిన బస్సు. మళ్లింపు పెట్టిన ప్రతిసారీ ఆ వీధిని ముందూ వెనకా కొలిచి, చెడినంత మేర బాగుచేసి ఇవ్వడం పనిలో భాగంగా రాయించాలి. ఇది అడగండి.

రెండుచక్రాలు

ఈ మార్కులన్నీ బండి చక్రం కోసమే వేస్తున్నారు. పీసీఐలో 90 వచ్చిన రోడ్డు పక్కన కాలిబాట పలకలు విరిగి, అడుగడుక్కీ ఎత్తుపల్లాలుంటే ఆ మార్కు మారదు. నడిచేవాళ్లు ఏ పట్టికలోనూ లేరు. వాహనాల రద్దీకి ఎక్కువ మార్కులు పెట్టినప్పుడే వరుస సగం తేలిపోయింది.

స్వీడన్‌లో కార్ల్‌స్కోగా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ మంచు తీసే పనికి మామూలుగా ఉండే వరుస పెద్ద రోడ్లు ముందు, కాలిబాటలు, సైకిల్ దారులు ఆఖరున. ఈ వరుసవల్ల ఎవరికి ఇబ్బంది అని పరిశీలిస్తే, పిల్లల బండి తోసుకుంటూ నడిచేవాళ్లు, బస్సు కోసం వెళ్లేవాళ్లు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు అని తేలింది. మంచులో కారు ఎలాగోలా పోతుంది, పిల్లల బండి పోదు. దాంతో వరుస తిప్పేశారు: పసిపిల్లల బడుల దారులు, కాలిబాటలు ముందు. తీసే మంచు అంతే, యంత్రాలూ అవే. నేను ఏ పట్టణం జాబితా చూసినా మొదట వెతికేది బడి, ఆస్పత్రి, బస్టాపు చుట్టూ నడిచే దారి ఉందా లేదా అని.

గల్లీచివర

రెండుచక్రాలు గారికి వెయ్యి దండాలు.

నీటిదారి

తారు గురించి ఇంత మాట్లాడారు, కాలువ మాట పైపైన వచ్చి పోయింది. కంకర_తారు గారే అన్నారు కదా, నీళ్లు దిగాకే జారుడు మొదలని. అలాంటప్పుడు మొదటి పని నీటిని బయటికి పంపడం.

జాన్ మెకాడమ్ 1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రోడ్లకు సర్వేయరుగా చేరిన మనిషి. రోడ్డు బరువును నిజానికి మోసేది కింది నేలే, అది పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుందని ఆయన వాదన. కంకర పొర పని ఆ నేలను తడవకుండా కాపాడటం. ఇన్నేళ్ల తర్వాత కూడా దీన్ని పక్కనపెట్టి వేసిన రోడ్డు నిలవడం నేను చూడలేదు.

పెద్ద వాన వెలిసిన గంటకు ఏ వీధిలోనైనా నడిచి చూడండి. రోడ్డు మధ్య ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉండాలి. ఆ వాలు మీద నీళ్లు అంచుకు చేరతాయి, అక్కడితో ఆగిపోతాయి. ఎందుకంటే అంచున ఏళ్ల తరబడి మట్టి పేరుకుని, గడ్డి మొలిచి, రోడ్డుకంటే నాలుగు వేళ్లు ఎత్తుగా గట్టు కట్టి ఉంటుంది. నాలుగడుగుల దూరంలో కాలువ ఖాళీగా ఉంటుంది, నీళ్లు మాత్రం తారు అంచును నాకుతూ నిలబడి ఉంటాయి. ఆరిపోయాక అక్కడ సన్నటి ఒండ్రు చార మిగులుతుంది. ఆ చార ఎక్కడుందో చూసి గుర్తుపెట్టుకోండి, ముందు చెడేది అక్కడే. ఆ మట్టి గట్టు చెక్కడానికి నలుగురు మనుషులు, పారలు చాలు. ఈ పని ఏ ప్రాధాన్య జాబితాలోనూ ఉండదు, ఎందుకంటే దానికి టెండరు పిలిచేంత విలువ లేదు.

ఇంకొకటి. పాత పొర గీకకుండా పైన పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇళ్ల గడపలు కిందికి పోతాయి, వాన నీళ్లు ఇళ్లలోకి తిరుగుతాయి. మ్యాన్‌హోల్ మూతలు పల్లంలో పడి వాటికవే గుంతలవుతాయి. పైపూత పని జాబితాలో కనబడితే "పాత పొర గీకుతారా, ఎంత మందం గీకుతారు" అని తప్పకుండా అడగాలి.

పైపు_కేబుల్

నీటి విభాగం మనిషిని. కొత్త రోడ్డును తవ్వేది మేమే అని జనానికి కోపం, అది న్యాయమే.

వంద గజాల కొత్త తారు మీద ఒక్క అడ్డ కోత పడినా ఆ చోట రోడ్డు బలం పోయినట్టే. కందకం పూడ్చేటప్పుడు 15, 20 సెంటీమీటర్ల పొరలుగా మట్టి వేసి ఒక్కో పొరా దిమ్మిసతో గట్టిగా అణచాలి. రాత్రి పని, పొద్దున్నే ట్రాఫిక్ వదలాలి, దాంతో మొత్తం మట్టి ఒకేసారి నెట్టి పైన అతుకు వేసి వెళ్లిపోతారు. రెండు వానలకు మట్టి కుంగుతుంది, అతుకు పళ్లెంలా దిగుతుంది. కోత పక్కన ఉన్న మంచి రోడ్డు కూడా అంచునుంచి విరగడం మొదలవుతుంది.

న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో కొత్తగా పొర వేసిన వీధిని అయిదేళ్లు తవ్వకూడదని నియమం ఉంది, అత్యవసరమైతే తప్ప. ఆ నియమం పనిచేయాలంటే అంతకుముందు పని జరగాలి. రోడ్ల విభాగం తన అయిదేళ్ల జాబితాను నీళ్లు, మురుగు, కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్ కేబుల్ వాళ్లందరికీ ఏడాది ముందే ఇవ్వాలి. మేం మా పాత పైపుల పటాన్ని దానిమీద పెట్టి చూసుకోవాలి. ఈ వీధిలో పైపు కూడా మార్చే వయసుకు వచ్చిందంటే రోడ్డు పని ఒక ఏడాది ఆపి రెండూ కలిపి చేయాలి. ఒక చెడిన వీధి జాబితాలో వెనక్కి జరగడానికి ఇది కూడా కారణం కావచ్చు, దీన్ని నేను న్యాయమైన కారణమనే అంటాను. కాకపోతే ఆ కారణం జాబితాలో రాసి పెట్టాలి. "పైప్‌లైన్ మార్పు తర్వాత" అని ఒక్క గడిలో రాస్తే జనం అర్థం చేసుకుంటారు. రాయకపోతే అనుమానపడతారు, పడాలి కూడా.

వీధిమలుపు

ఇంత వివరంగా చెబుతున్నందుకు మీ అందరికీ చాలా థాంక్స్. ఒక సందేహం. ఫిర్యాదులు ఎక్కువ వచ్చిన వీధికి మార్కులు కలుపుతారట కదా? అలాగైతే వీధివాళ్లందరం కలిసి రోజూ ఫిర్యాదులు పెడితే సరిపోతుందా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.

డేటాదారి

పెట్టండి, తప్పు లేదు. గుంత ఎక్కడుందో చెప్పడానికి ఫిర్యాదు మంచి సాధనం. ఏ వీధి ముందు అని తేల్చడానికి మాత్రం చెడ్డ సాధనం.

బ్రిటన్‌లో 2007లో ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైటు మొదలైంది. పటం మీద గుంత చూపిస్తే సంబంధిత కార్యాలయానికి వెళ్తుంది, ఏమైందో అందరికీ కనబడుతుంది. కనబడటమే దాని బలం. బోస్టన్ నగరం 2012 ప్రాంతంలో ఇంకో అడుగు వేసింది. స్ట్రీట్ బంప్ అనే యాప్, కారులో ఫోను ఉంటే చాలు, కుదుపులను అదే పట్టి పంపుతుంది. చేతికి పని లేకుండా పటం తయారవుతుందనుకున్నారు. తీరా చూస్తే స్మార్ట్‌ఫోన్లు, కార్లు తక్కువున్న పేద పేటల నుంచి, పెద్దవయసువాళ్లు ఉండే చోట్ల నుంచి సమాచారం తక్కువ వచ్చే ప్రమాదం ఉందని తేలింది. ఆ పటాన్ని నమ్మి మరమ్మతులు చేస్తే ఉన్నవాళ్ల వీధులే మళ్లీ బాగుపడతాయి. అందుకని నగరం సొంత సిబ్బంది అన్ని పేటల్లో తిరిగి సమాచారం సేకరించేలా చూసుకుంది.

ఫిర్యాదులు రాని వీధి బాగున్నట్టు కాదు. చెప్పి చెప్పి విసిగి మానేసిన వీధి కావచ్చు. మార్కులకు ఆధారం అన్ని వీధులనూ ఒకే కొలతతో, ఒకే కాలంలో నడిచి చూసిన సర్వే కావాలి. ఫిర్యాదుల సంఖ్యకు మార్కులిచ్చే పట్టిక కనబడితే నేనైతే దానిమీదే మొదటి అభ్యంతరం రాస్తాను.

కంకర_తారు

గల్లీచివర గారూ, ఇప్పుడు మీ ప్రశ్న. మీ వీధి వంతు వచ్చే రోజు ఏదని అడిగారు. నేను చెప్పిన పద్ధతి ఒక్కటే నడిపితే ఆ రోజు రాదు. ఇది దాచాల్సిన పనిలేదు.

నాకు తెలిసిన మార్గం డబ్బును ముందే విడగొట్టడం. కాపాడుకునే పనులకు ఒక వాటా, పునర్నిర్మాణానికి ఒక వాటా, కాలిబాటలకూ కాలువలకూ ఒక వాటా. ఒకదాని డబ్బు ఇంకోదానికి మళ్లించకూడదు. అప్పుడు మీ చెడిన వీధి పెద్ద రోడ్డుతో పోటీపడదు, తనలాంటి చెడిన వీధులతోనే పోటీపడుతుంది. ఆ వరుసలో ముందున్నవి పూర్తయ్యేకొద్దీ మీ వంతు ఖాయంగా దగ్గరపడుతుంది. ఈలోగా ఆ వీధిని గాలికి వదలకూడదు, గుంతలు పూడ్చి నడవడానికి వీలుగా ఉంచడం రెవెన్యూ పద్దు బాధ్యత.

గల్లీచివర

వాటా అన్నారు, బాగుంది. ఎంత వాటా, ఎవరు నిర్ణయిస్తారు? పునర్నిర్మాణానికి నామమాత్రంగా పెట్టి "మీకూ వాటా ఉంది" అంటే మళ్లీ మొదటికే వస్తాం.

బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే నగరం 1989లో ఈ ప్రశ్నను నేరుగా జనం ముందు పెట్టింది. నగరాన్ని 16 ప్రాంతాలుగా చేసి, ప్రతి ప్రాంతంలో సభలు పెట్టి, ఏ పని ముందు కావాలో అడిగారు. మట్టిరోడ్లకు పేవింగ్, మురుగు కాలువలు చాలాచోట్ల పైకొచ్చాయి. అక్కడితో ఆగకుండా డబ్బు పంచడానికి సూత్రం పెట్టుకున్నారు: ఆ ప్రాంతంలో జనాభా ఎంత, ఆ సదుపాయం ఎంత కొరతగా ఉంది, వాళ్లు దానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారు. కొరత ఎక్కువున్న చోటికి మార్కులు ఎక్కువ. మీ గీతలో మనిషికి చోటెక్కడ అని అడిగాను కదా, అక్కడ "కొరత" అనే గడిలో చోటిచ్చారు. ఎంత వాటా అన్నది ఇంజినీరు ఒక్కరే తేల్చే విషయం కాదు, అందరి ముందూ తేలాలి. తేలిన వాటాలో ఏ వీధి ముందన్నది మీ కొలతలతోనే తేల్చండి, నాకు అభ్యంతరం లేదు.

కంకర_తారు

ఒప్పుకుంటాను. ఒక్క షరతు, కాపాడుకునే పనుల వాటాకు ఒక కనీస గీత ఉండాలి. సభలో చేతులెత్తమంటే పగుళ్లు పూడ్చడానికి ఎవరూ చెయ్యెత్తరు. ఆ గీత కిందికి దిగిన ఏడాది నుంచి కొత్త గుంతల వీధులు పుడతాయి, వాటిలో ఉండేవాళ్లూ మీలాగే అడుగుతారు.

గల్లీచివర

కనీస గీతకు సరే. పునర్నిర్మాణం వాటాకూ అలాంటిదే ఉండాలి మరి.

సైట్_మేస్త్రి

వరుస ఎంత బాగా తేల్చినా పని సరిగ్గా జరగకపోతే అంతా వృథా. గుంతలు పూడ్చే ముఠాలను నడిపిస్తాను, పని దగ్గర ఏం చూడాలో చెబుతాను.

గుంత ఎలా ఉంటే అలా అందులో మిశ్రమం పోసి పారతో తట్టి వెళ్లిపోతే అది వారం నిలవదు. చుట్టూ చెడిన తారును గట్టి అంచు దొరికేదాకా నలుచదరంగా, అంచులు నిలువుగా కోయాలి. లోపలి నీళ్లు తోడి, బురద తీసి, ఆరనివ్వాలి. అడుగుకూ నాలుగు అంచులకూ పల్చగా తారు ద్రవం పూయాలి. ఆ పూత లేకపోతే పాతదీ కొత్తదీ అతుక్కోవు, ఆ సందులోంచే మళ్లీ నీళ్లు దిగుతాయి. లోతు ఎక్కువుంటే రెండు పొరలు, ఒక్కో పొరకూ విడిగా దిమ్మిస. పైన రోడ్డుకంటే ఒక పిసరు ఎత్తుగా వదలాలి, బండ్లు తిరిగేసరికి సర్దుకుంటుంది.

వేడి మిశ్రమం 150 డిగ్రీల దగ్గర తయారై వస్తుంది. 80, 90 డిగ్రీల కిందికి దిగిందంటే రోలరు ఎంత తిప్పినా అణగదు. పల్చటి పొర అయితే నిమిషాల్లో చల్లారుతుంది. లారీ మీద టార్పాలిన్ లేకుండా, ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన లోడు చూడటానికి బాగానే ఉంటుంది, వేశాక పెళ్లలుగా లేస్తుంది. పని దగ్గర థర్మామీటరు ఉందా అని అడగండి. అలా అడిగే మనిషి ఒకరు నిలబడి ఉంటే పని నడిచే తీరే వేరు, నా కళ్లతో చూశాను.

వానలో నీళ్లు నిలిచిన గుంతలో వేయమని మా మీద ఒత్తిడి వస్తుంది, ఎవరో ఫోటో పెట్టారని. అత్యవసరానికి చల్లటి మిశ్రమం వేసి ప్రమాదం తప్పించవచ్చు. దాన్ని తాత్కాలికమని రాసుకుని, ఎండ కాశాక మళ్లీ వచ్చి సరిగ్గా వేయాలి. ఆ రెండో రాక కాగితం మీద లేకపోవడమే అసలు జబ్బు.

వీధిమలుపు

మీరంతా చెప్పింది దగ్గర పెట్టుకుని అభ్యంతరం ఇలా రాస్తున్నాను, చూసి చెప్పండి.

"జాబితాలో ఉన్న, లేని అన్ని వీధుల స్థితి మార్కులు, ట్రాఫిక్ మార్కులతో సహా పూర్తి పట్టిక ఇవ్వండి. కాపాడుకునే పనులకూ పునర్నిర్మాణానికీ కాలిబాటలకూ కాలువలకూ విడివిడిగా ఎంత కేటాయించారో చూపండి. గత అయిదేళ్ల ప్రణాళికల్లో పేరుండి ఇప్పటికీ పని మొదలుకాని వీధులేవి, ఎందుకు ఆగాయి? పైపూత వేసే ప్రతి రోడ్డు కింద పైపులు, కేబుళ్ల పని రాబోయే అయిదేళ్లలో ఉందో లేదో ఆయా విభాగాల నుంచి రాతపూర్వకంగా తీసుకున్నారా? పాత పొర ఎంత మందం గీకుతారు? అంచు మట్టి, కాలువ పూడిక తీసే పని తారు పనికి ముందు జరుగుతుందా? పునర్నిర్మాణం వాయిదా పడిన వీధుల్లో ఈలోగా గుంతల మరమ్మతు ఎన్నాళ్లకోసారి చేస్తారు?"

లెక్కలచిట్టా

బాగుంది. కొత్తగా మంజూరు చేస్తున్న ప్రతి రోడ్డుకూ ఏటా నిర్వహణ ఖర్చు ఎంత, ఏ పద్దులోంచి అన్నది కూడా చేర్చండి. కాంట్రాక్టరు లోప బాధ్యత కాలం ఎప్పటిదాకా ఉందో వీధివారీగా అడగండి. ఆ గడువులో చెడిన రోడ్డును కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆ తేదీ ఎవరికీ గుర్తులేక సంఘం మళ్లీ డబ్బు పెట్టిన సందర్భాలు ఖాతాల్లో చాలా చూశాను.

రెండుచక్రాలు

బడులు, ఆస్పత్రుల చుట్టూ నడిచే దారులను సర్వే చేశారా అన్న ప్రశ్న విడిగా పెట్టండి. కాలిబాటల కేటాయింపు అడిగితే అంకె ఒకటి చెప్పి ఊరుకుంటారు.

డేటాదారి

మార్కులు అడిగిన చోట సర్వే చేసిన తేదీ కూడా అడగండి. రెండు వానాకాలాల కిందటి మార్కులతో వేసిన వరుస ఇప్పుడు చెల్లదు.

వీధిమలుపు

అన్నీ చేర్చాను. గడువులోపే ఇచ్చి రసీదు తీసుకుంటాను. వాళ్లిచ్చే పట్టిక వస్తే ఇక్కడే పెడతాను. కంకర_తారు గారూ, గల్లీచివర గారూ, అప్పుడు మీ ఇద్దరూ కలిసి చదవాలి.